హాజీ మక్సూద్ ఇచ్చిన పాలగంట

పొద్దున ఎనిమిది కొట్టేసరికి హాజీ మక్సూద్ కార్ఖానా గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పనిలోకి వచ్చే ఆడవాళ్ళు సలాం చెప్పి లోపలికి నడుస్తారు. ఆయన సలాం అందుకుంటాడు గాని ముఖాలు చూడడు. వాళ్ళు దాటి వెళ్ళాక వెనక నడుము మీద ఏప్రన్ ముడి చూస్తాడు.

ఆ తెల్ల ఏప్రన్లు ఆయన కుట్టించినవే. అందరికీ ఒకే కొలత, నాడాలన్నీ ఒకే పొడవు. నడుము సన్నగా ఉన్నమ్మాయికి వెనక పెద్ద పువ్వు ముడి పడుతుంది. కడుపు పెరిగేకొద్దీ పువ్వు మొగ్గవుతుంది, మొగ్గ పిడిముడి అవుతుంది, చివరికి నాడాల కొసలు ఒకదాన్నొకటి అందుకోవు. అప్పటికి హాజీకి సంగతి తెలిసిపోతుంది. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. ఆడవాళ్ళను కడుపు గురించి అడగడం మర్యాద కాదని ఆయన నమ్మకం. కాంట్రాక్టు గడువు తీరగానే "అల్లా నీకు మేలు చెయ్యాలమ్మా" అని ఒక పెట్టె మిఠాయి చేతిలో పెట్టి సాగనంపుతాడు.

చెడ్డమనిషని ఎవరూ అనరు. పండక్కి మాంసం పంచుతాడు. పనివాళ్ళ ఇళ్ళలో పెళ్ళయితే ముందు వరసలో కూర్చుని గట్టిగా చప్పట్లు కొడతాడు. పెళ్ళయ్యాక జరిగే దానితోనే ఆయనకు పేచీ.

టాంటాలో సయ్యిద్ బదవీ మసీదు వెనక సందులో ఆ కార్ఖానా తాత కాలం నుంచీ ఉంది. శనగల పట్టీ, నువ్వుల పట్టీ, పల్లీ పట్టీ చేస్తారు. ఏటా ఉరుసుకు నైలు డెల్టా ఊళ్ళన్నీ టాంటాలోనే ఉంటాయి. వచ్చినవాళ్ళు దర్గా చూసినా చూడకపోయినా శనగలు కొనకుండా పోరు. ఏ పనిలోనైనా చేతులూపుకుంటూ తిరిగొచ్చిన వాణ్ణి "ఉరుసుకెళ్ళి శనగలు లేకుండా వచ్చాడు" అని ఈజిప్టంతా వెక్కిరిస్తుంది. ఆ శనగలమ్మే కుటుంబంలో పుట్టినందుకు హాజీకి కొంచెం గర్వం. అందరూ చేతులూపుకుంటూ పోయినా తాను మాత్రం పోనని ధీమా.

ఆయన సిద్ధాంతం ఒక్కటే: పాకం ఆగదు. తీగపాకం దాటి ముదురుపాకం అందుకునే లోపల నువ్వులు పడాలి, బల్ల మీద పోయాలి, పలచగా లాగాలి, వేడి మీదే కొయ్యాలి. పిల్ల ఏడ్చిందని తల్లి చెయ్యి ఆపితే కడాయి మొత్తం రాయవుతుంది.

ఈ ఏడు మాత్రం ఆయన మనసు కుదుటగా ఉంది. ముడులన్నీ పువ్వుల్లా ఉన్నాయి. నలభై మంది నడుముల మీద నలభై తెల్ల పువ్వులు. పెట్టెలకు కట్టే తెల్ల రిబ్బను ఎందుకో తొందరగా అయిపోతోందని, ప్యాకింగ్ చేసేవాడు ఇంటికి పట్టుకుపోతున్నాడని అనుమానం తప్ప వేరే చింత లేదు. చింతంటూ ఉంటే ఇన్షిరాహ్ ఒక్కతే.

నువ్వుల పట్టీ లాగడంలో ఆమె అంత చెయ్యి కార్ఖానాలో లేదు. ఆమె కోసిన పట్టీ లోంచి అవతలి దీపం కనిపిస్తుంది. కిందటేడు ఆమె ముడి పిడిముడి అయ్యేసరికి కాంట్రాక్టు గడువు ఇంకా చాలా ఉంది. గత్యంతరం లేక ప్రసవం సెలవు ఇచ్చాడు. ఆమె ఆడపిల్లను కని, సెలవు పూర్తి చేసి, తిరిగొచ్చిన మొదటిరోజే కుర్చీ ముందు నిలబడింది.

"హాజీ, నేను మూడింటికి వెళ్ళిపోతా. పాలగంట."

"ఏం గంట?"

"పాలగంట. పిల్లకి రెండేళ్ళొచ్చేదాకా రోజుకో గంట. జీతం కొయ్యకూడదు. మా ఆడపడుచు బట్టల మిల్లులో చేస్తుంది, అక్కడ ఇస్తారు."

"అది సర్కారు మిల్లమ్మా. అక్కడ మగాళ్ళక్కూడా ఇస్తారేమో."

"పిల్ల మా అత్త దగ్గరుంటుంది హాజీ. మైక్రోబస్సులో వెళ్ళేసరికి గొంతు పోయేలా ఏడ్చి ఉంటుంది."

"గొంతు బలపడుతుంది. లోపలికెళ్ళు, పాకం ఎక్కుతోంది."

కూతుర్ని అత్త ఒళ్ళో వదిలిరావడం ఆమెకు సరదా కాదు. భర్త పనిచేసే ఇటుకల బట్టీ వేసవిలో మూతపడింది. అతను అప్పట్నుంచీ ఇంట్లోనే ఉన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే. పని పోకూడదు, పిల్ల ఎండిపోకూడదు. ఆమెకు కావాల్సింది అంతే.

హాజీ వకీలుకు ఫోన్ చేశాడు. ఉస్తాజ్ వగ్దీ ఆఫీసు వీధి మలుపులోనే. హాజీ దగ్గర ఆయన ఫీజు తీసుకోడు. ఒక ప్రశ్నకు ఒక పెట్టె, చిక్కు ప్రశ్నయితే రెండు. అందుకే హాజీ కేసుల్లో ఆయనకు మధుమేహం వచ్చిందని వీధిలో చెప్పుకుంటారు.

"ఇవ్వాల్సిందే హాజీ," అన్నాడు వగ్దీ. "చట్టంలో స్పష్టంగా ఉంది."

"మాన్పించేస్తే?"

"పాలిస్తోందని మాన్పిస్తే లేబర్ ఆఫీసు చుట్టూ నిన్ను గానుగ గాడిదలా తిప్పుతారు."

"పనిలో చేర్చుకునేటప్పుడే రాజీనామా కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాంగా. సొరుగులో ఉంది."

"దాంట్లో హల్వా చుట్టుకో. ఇప్పుడవి చెల్లవు."

"మరి నాకు దారే లేదా?"

"చట్టం ఏమంటుందంటే, రోజుకు రెండు అరగంటలు. రెండూ కలిపి ఒకే గంటగానైనా తీసుకోవచ్చు."

"కలపాలా వద్దా అన్నది ఎవరిష్టం?"

"ఆవిడిష్టం."

"ఏంటి? సరిగా వినపళ్ళా," అన్నాడు హాజీ. "ఫోన్లో సిగ్నల్ లేదు." అని పెట్టేశాడు.

మర్నాడు హాజీ చట్టాన్ని అమలు చేశాడు. ఇన్షిరాహ్‌కు పొద్దున పదిన్నరకు ఒక అరగంట, మధ్యాహ్నం ఒకటిన్నరకు ఒక అరగంట. జీతం కొయ్యడు. కానీ గుమ్మం దాటకూడదు.

"వెళ్ళమ్మా, పాలిచ్చుకో. చట్టమంటే నాకు గౌరవం."

"ఎవరికివ్వను హాజీ? శనగలకా?"

లోపల బల్లల దగ్గర నవ్వు చప్పుడైంది. మేస్త్రీ ఉమ్ హాషిమ్ అందరికన్నా గట్టిగా దగ్గింది. హాజీ పట్టించుకోలేదు. ఆ సాయంత్రం ఉమ్ హాషిమ్‌ను పిలిచి, "ఇన్షిరాహ్ కాంట్రాక్టు సంగతి ఉరుసు అయ్యాక చూద్దాంలే," అన్నాడు. ఆ "చూద్దాంలే"కి అర్థం కార్ఖానాలో అందరికీ తెలుసు. ఒక పెట్టె మిఠాయి, అల్లా మేలు చెయ్యాలి. ఉమ్ హాషిమ్ ఆ మాట ఇన్షిరాహ్‌కు చేరవేసింది. ఉరుసుకు ఇంకా రెండున్నర నెలలుంది.

ఆ రోజుల్లోనే హాజీ ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. కార్ఖానా పైన మూడో అంతస్తులో ఆయన కాపురం. కొడుకూ కోడలూ కూడా అక్కడే ఉంటారు. కోడలు ముహ్గా ఊరి అవతల ఒక ప్రైవేటు ఆసుపత్రి మందుల విభాగంలో ఉద్యోగం చేస్తుంది. నాలుగు నెలల మనవడు ఆసిర్‌ను నాయనమ్మ దగ్గర వదిలి వెళుతుంది. వాడు సీసా ముట్టడు. రబ్బరు నోటికి తగిలిందంటే సందు చివర దాకా వినిపించేలా ఏడుపు అందుకుంటాడు. శనగలు కొనడానికి వచ్చినవాళ్ళు "పైన పిల్లులేమైనా పెంచుతున్నారా హాజీ?" అని అడిగారు.

ఓ రాత్రి భోజనాల దగ్గర హాజీ కోడల్ని నిలదీశాడు. "పిల్లాడికి పాలివ్వడానికి మధ్యలో ఇంటికి పంపరా మీ వాళ్ళు?"

"అడిగాను మావయ్యా. రెండు అరగంటలిచ్చారు. ఆసుపత్రి దాటి వెళ్ళకూడదట."

హాజీ రొట్టె ముక్క గిన్నెలో పడేశాడు. "దాటకుండా ఎవరికిస్తుంది పాలు? సిరంజీలకా? మనుషులేనా వాళ్ళు? వాళ్ళను కన్నది తల్లులు కాదా? రేపే వగ్దీ చేత నోటీసు ఇప్పిస్తా!"

హాజీ భార్య తఫీదా బెండకాయల బామియా కూర వడ్డిస్తూ గరిటె గాల్లోనే ఆపి మొగుడి ముఖంలోకి చూసింది. శనగల మాట ఉమ్ హాషిమ్ ఆవిడకు ఏనాడో చెప్పింది. ఇంకో గరిటె కూర ఎక్కువే వేసింది.

నోటీసు వెళ్ళింది. వకీలు అందులో రాసిన చట్టం, హాజీకి ఫోన్లో సిగ్నల్ లేనప్పుడు చెప్పిన చట్టం ఒక్కటే. రాస్తున్నప్పుడు వగ్దీ నవ్వు ఆపుకోలేకపోయాడంటారు. రెండు పెట్టెలు తీసుకున్నాడు. ఆసుపత్రి నుంచి జవాబు మాత్రం రాలేదు.

తఫీదా రోజూ బాతులకు మేత వెయ్యడానికి మేడ మీదికి వెళుతుంది. ఒకనాడు పదిన్నర దాటాక వెళితే, నీళ్ళ ట్యాంకు వెనక ఇన్షిరాహ్ గోడవైపు తిరిగి కూర్చుని, నిండిన రొమ్ము పిండి పాలు తూములోకి వదులుతోంది.

"ఏం పనే అది?"

ఇన్షిరాహ్ ఉలిక్కిపడి శాలువా సర్దుకుంది. "ఏం చెయ్యను అమ్మగారూ. పొంగి నొప్పెడుతున్నాయి. మీ ఆయన పాలిచ్చుకోమని అరగంట ఇచ్చాడు. తాగేవాళ్ళను ఇవ్వలా."

"అల్లా! తూముకి పోస్తున్నావా? పాపం తగుల్తుంది."

"తగిలితే సగం హాజీకి తగుల్తుందిలెండి."

సరిగ్గా అప్పుడే కింది అంతస్తులో ఆసిర్ అందుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఇక్కడ తాగే నోరు లేని పాలు, అక్కడ పాలు లేని నోరు. మధ్యలో ఒక మెట్ల వరస.

తఫీదా తొందరపడే మనిషి కాదు. ముందు కోడలికి ఫోన్ చేసింది. ముహ్గా అవతల ఏడ్చినంత పని చేసి, "ఇవ్వమనండి అత్తయ్యా, ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకుంటా," అంది. ఆ మాటతో ఇన్షిరాహ్ మెట్లు దిగింది.

ఆరోజు నుంచి సందులో పిల్లుల మాట ఆగిపోయింది. హాజీ ఆ ఘనత తన ఖాతాలో వేసుకున్నాడు. సోంపు నీళ్ళు పట్టమని ఆయనే సలహా ఇచ్చాడు కదా. "మా తాత మందు. రెండు చెంచాలు పడితే సింహమైనా పడుకుంటుంది," అని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ముగ్గురు కొనుక్కెళ్ళారు కూడా. నెలన్నర గడిచేసరికి మనవడి బుగ్గలు పొంగి మెడ కనపడటం మానేసింది.

ఉరుసుకు వారం ఉందనగా హాజీ కళ్ళజోడు ఇంట్లో మరిచి, పదిన్నర దాటాక పైకి వెళ్ళాడు. ముందుగదిలో ఒకావిడ తలుపుకు వీపు పెట్టి కూర్చుని ఉంది. భుజం మీద శాలువా. శాలువా కింద నుంచి బుజ్జి కాళ్ళు రెండు ఆనందంగా గాలిని తంతున్నాయి. ముఖం కనిపించలేదు. ఆయనకు ముఖాలతో పని లేదు. నడుము మీది ముడి చూసి మనిషిని పోల్చుకున్నాడు. కళ్ళజోడు అక్కడే వదిలేసి, తేలు కుట్టిన దొంగలా చప్పుడు చెయ్యకుండా కిందికి దిగిపోయాడు.

ఆ రాత్రి భార్యను అడగలేదు. అడిగితే సమాధానం వస్తుంది. పాలుతాగిన బంధం తెంచుకుంటే తెగేది కాదని ఆయనకు తెలుసు. ఉరుసు తర్వాత పంపించెయ్యాలనుకున్న మనిషి ఇప్పుడు మనవడికి తల్లి. ఆస్తిలో వాటా అడుగుతుందా? ఆ బట్టీ పని పోయిన మొగుడు "వియ్యంకుడా" అంటూ గుమ్మంలో కూర్చుంటాడా?

గురువారం సాయంత్రం, నువ్వుల పట్టీ కోసం మసీదు మతగురువు షేక్ అషూర్ వచ్చే వేళకు వకీలును కూడా టీకి పిలిచాడు. ముగ్గురూ గుమ్మం ముందు కూర్చున్నారు. లోపల ఆడవాళ్ళు ఉరుసు సరుకు పోస్తున్నారు.

"ఒకాయన ఉన్నాడు షేక్ గారూ. మన ఊరాయన కాదు," అన్నాడు హాజీ. "ఆయన మనవడికి ఆయన దగ్గర పనిచేసే ఆవిడ పాలిచ్చింది."

"ఎన్నిసార్లు?"

"రోజూనే అనుకోండి. నెలా పదిహేను రోజులు."

"కడుపునిండా అయిదుసార్లు తాగితే చాలు, ఆవిడ తల్లి అయినట్టే. ఆవిడ పిల్లలు వాడి తోబుట్టువులు. వాళ్ళతో పెళ్ళి కుదరదు."

"పెళ్ళి మాట అటుంచండి. ఆస్తి?"

"పాల బంధానికి వారసత్వం లేదు."

హాజీ ప్రాణం లేచొచ్చింది. టీలో ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాడు. "అయితే ఆ పెద్దమనిషి మీద ఏ భారమూ లేనట్టేగా?"

"భారమంటే, పాలిచ్చిన దాదికి కూలి ఇవ్వాలి. ఖురాన్లో ఉన్న మాట. ఇచ్చాడా మన ఊరు కాని ఆయన?"

"కూలేమిటండీ!" హాజీ గ్లాసు ఠక్కున పెట్టాడు. "ఆవిడ పాలిచ్చింది ఆయన జీతమిచ్చే టైములోనే. ఆ అరగంటలు ఆయనవి. ఆయన పనిలో ఉన్నట్టే లెక్క!"

శనగల పట్టీ నములుతున్న వగ్దీ దవడ ఆగింది. "ఆ మాట మళ్ళీ అను హాజీ."

"ఏ మాట?"

"ఆ అరగంటలు ఆయన పనిలోవే అన్నావే, అది."

"ముమ్మాటికీ ఆయనవే!"

"అయితే ఆయన పాలగంట ఇంకా ఇవ్వనే లేదన్నమాట. చట్టం ఇచ్చిన గంట ఆవిడ బిడ్డది. ఆ టైములో ఆయన తన మనవడి పని చేయించుకున్నాడు. పని పనే, పాలగంట పాలగంటే. ఆవిడ గంట ఆవిడకు విడిగా ఇవ్వాలి. ఎప్పుడు తీసుకోవాలన్నది ఆవిడిష్టం. ఇవాళ సిగ్నల్ బాగుందా?"

"సరే, ఆ అరగంటలు ఆవిడవే అనుకో."

"అప్పుడు దాది కూలి పడుతుంది," అన్నాడు షేక్.

హాజీ షేక్ తలపాగా వైపు చూశాడు, వకీలు టై వైపు చూశాడు. రెండు వైపులా దారి మూసే ఉంది. అంతలో మూడో అంతస్తు బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్ట ఊగుతూ దిగి, సరిగ్గా ఆయన ముక్కు ముందు ఆగింది.

"హాజీ!" పై నుంచి తఫీదా కేకేసింది. "మన ఊరు కాని ఆయనకి చెప్పు, వాళ్ళావిడ ఒక కట్ట నువ్వుల పట్టీ బుట్టలో వెయ్యమంటోందని!"

"నువ్వు వింటున్నావా?"

"సందంతా వింటోంది! ఉరుసు అయ్యాక చూద్దామన్నావుటగా, చూడు మరి. వాడు సీసా ముట్టడు. ఆవిణ్ణి పంపించేస్తే రేపట్నుంచి నువ్వే ఇద్దువుగాని పాలు. సోంపు నీళ్ళు తాగు, పడతాయేమో!"

లోపల ఆడవాళ్ళు నవ్విన నవ్వుకు ఎవరి చెయ్యీ కడాయి మీద లేదు. ఆ కడాయి పాకం రాయైపోయింది. హాజీ జీవితంలో మొదటిసారి పాకం గురించి ఏమీ అనలేదు.

ఆయన రాత్రంతా లెక్కవేశాడు. దాది కూలికి అంతం లేదు, ఎంతని ఎవరూ చెప్పలేరు, తఫీదా ఎంతంటే అంత. పాలగంటకైతే అరవై నిమిషాలే. మర్నాడు శుక్రవారమైనా ఉరుసు తొందరకు కార్ఖానా తెరిచారు. ఆయన ఇన్షిరాహ్‌ను కుర్చీ దగ్గరికి పిలిచాడు.

"ఆ అరగంటలు నావి," అన్నాడు.

"అలాగే హాజీ. అయితే నా గంట నాది. మూడింటికి ఇంటికి వెళ్ళనా?"

"వెళ్ళు."

"పదిన్నరకి పైకి?"

"వెళ్ళు."

"ఒకటిన్నరకి?"

"వెళ్ళమన్నానా!"

"పనిలో ఉన్నట్టే కదా, హాజీ? జీతంలో?"

హాజీ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "మరి కాంట్రాక్టు?" అంది ఆమె గొంతు తగ్గించి. ఈసారి నవ్వడం లేదు.

ఆయన ఆమె వైపు చూశాడు. ముడి వైపు కాదు. "వాడికి రెండేళ్ళు నిండాలిగా," అన్నాడు గొణుగుతూ. "రెండేళ్ళకి రాయించుకో. వగ్దీకి చెప్పా."

వగ్దీ ఆ కాగితానికి మూడు పెట్టెలు అడిగాడు. చిక్కు ప్రశ్నకు రెండే కదా అంటే, మూడోది తన నవ్వుకు అన్నాడు.

ఉరుసు బాగా జరిగింది. శనగలు మిగల్లేదు. సందులో కుర్రాళ్ళు మాత్రం హాజీ కనిపిస్తే, "ఉరుసులోంచి శనగలు లేకుండా వచ్చింది ఈ ఏడు ఒక్క హాజీయే," అని పక్కకు తిరిగి నవ్వుకున్నారు.

సెలవుల తర్వాత శనివారం ఎనిమిదింటికి హాజీ మళ్ళీ గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాడు. మొదట ఉమ్ హాషిమ్ వచ్చింది. సలాం చెప్పి, సంచిలోంచి ఉండగా చుట్టిన తెల్ల రిబ్బను తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. పెట్టెలకు కట్టే రిబ్బను. కొసలకు కుట్లు విప్పిన దారాలు ఇంకా వేళ్ళాడుతున్నాయి.

"ఏంటిది?"

"మీదే హాజీ. నాడాలకు అతుకులేశాం. పువ్వు పెద్దగా పడుతుందని. ఇప్పుడు పాలగంట ఉందిగా, దాచడం ఎందుకని అమ్మాయిలు విప్పించేశారు. కొంచెం చెమట అంటింది, ఏమనుకోకండి."

ఆమె వెనకే ఆడవాళ్ళు ఒక్కొక్కరే సలాం చెప్పి లోపలికి నడిచారు. హాజీ రిబ్బను ఉండ పట్టుకుని నడుములు చూస్తూ కూర్చున్నాడు. ఆ ఉదయం నాడాల కొసలు ఒకదాన్నొకటి అందుకోని వాళ్ళు ఏడుగురు.